బతుకుతెరువూ పొదుపూ ఒకే రంగంలో ఉండవచ్చా?

ప్రశ్న: మాది గోదావరిఖని. నా వయసు 31 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక విశ్వవిద్యాలయంలో బొగ్గు గనుల ప్రాంతాల భవిష్యత్తు మీద, గనుల కంపెనీలు చెల్లించే జిల్లా ఖనిజ నిధి ఖర్చు తీరు మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. నెలకు రూ.42,000 సీనియర్ ఫెలోషిప్ జూలై నెలాఖరుతో ముగుస్తుంది. అందులో మూడు నెలల డబ్బు ఇంకా రావాలి. జర్మనీలోని ఒక పరిశోధన సంస్థలో అక్టోబరు 1 నుంచి రెండేళ్ల పోస్ట్‌డాక్టోరల్ (పీహెచ్‌డీ తరువాతి పరిశోధన) ఉద్యోగం వచ్చింది. బ్యాంకులో రూ.4.6 లక్షలున్నాయి. నెలకు రూ.10,000 చొప్పున రూ.2.5 లక్షల చిట్టీ కడుతున్నాను. ఇంకా 11 వాయిదాలున్నాయి, చిట్టీ పాడుకోలేదు. ఇంటికి మరో రూ.10,000 పంపుతాను. నాన్నగారు సింగరేణిలో రిటైరయ్యారు, ఆయన దగ్గర రూ.26 లక్షలున్నాయి. తమ్ముడు ఓపెన్‌కాస్ట్ గనిలో ఓబీ (బొగ్గుపై మట్టి తొలగించే) కాంట్రాక్టర్ దగ్గర పనిచేస్తున్నాడు. నాన్నగారు ఊళ్లోనే ఇంకో ప్లాటు కొందామంటున్నారు. నాకేమో తెలిసిన రంగం కాబట్టి రూ.2 లక్షలు పునరుత్పాదక విద్యుత్ కంపెనీల షేర్లలో పెట్టాలని ఉంది. అందరికంటే ఆలస్యంగా సంపాదన మొదలుపెడుతున్నానన్న బాధ కూడా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: షేర్ల సంగతికి వచ్చేముందు మీ చేతిలో ఉన్న రూ.4.6 లక్షలు అక్టోబరు నెలాఖరు దాకా సరిపోతాయో లేదో చూద్దాం. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు నెలలకు ఫెలోషిప్ ఉండదు. మీ సొంత ఖర్చు రూ.12,000 అనుకుని, చిట్టీ రూ.10,000, ఇంటికి పంపేది రూ.10,000 కలిపితే నెలకు రూ.32,000, మూడు నెలలకు రూ.96,000 అవుతుంది. జర్మనీలో ఇల్లు అద్దెకు తీసుకుంటే మూడు నెలల మూల అద్దె (హీటింగ్ వంటి ఖర్చులు కలపని అద్దె) వరకు డిపాజిట్ అడిగే హక్కు యజమానికి చట్టప్రకారం ఉంది. చిన్న గదికి నెలకు 600 యూరోలు అనుకున్నా డిపాజిట్ 1,800, మొదటి నెల అద్దె 600, జీతం వచ్చేదాకా తిండికీ ప్రయాణాలకూ 500, మొత్తం 2,900 యూరోలు కావాలి. యూరో రూ.100 లెక్కన అది రూ.2.9 లక్షలు. విమానం టికెట్, వీసా, పత్రాల ఖర్చులకు రూ.70,000 వేసుకోండి. అన్నీ పోను మీకు మిగిలేది రూ.4,000. ఇందులో రూ.2 లక్షలు తీసి షేర్లలో పెడితే, బెర్లిన్‌లోనో పోట్స్‌డామ్‌లోనో గది తాళాలు తీసుకునే రోజున స్నేహితుల దగ్గర చేయి చాపవలసి వస్తుంది. రావలసిన ఫెలోషిప్ బకాయి రూ.1.26 లక్షలు ఖాతాలో పడిన రోజున సంతోషిద్దాం గానీ, అంతవరకు దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

మీ ప్రశ్నలో లేని ఒక విషయం నన్ను ఇంతకంటే ఎక్కువగా కలవరపెడుతోంది. ఫెలోషిప్ అయిదేళ్లకు గానీ, థీసిస్ సమర్పించిన నాటికి గానీ, ఏది ముందైతే దానితో ఆగిపోతుంది. కానీ సమర్పించిన తరువాత పరీక్షకుల నివేదికలు రావడానికీ, వైవా (మౌఖిక పరీక్ష) జరగడానికీ మన విశ్వవిద్యాలయాల్లో నెలలు పట్టడం సాధారణం. పోస్ట్‌డాక్టోరల్ ఉద్యోగానికి డాక్టరేట్ పూర్తయి ఉండాలని మీ నియామక పత్రంలో రాసి ఉందా, లేక థీసిస్ సమర్పించినట్టు విశ్వవిద్యాలయం ఇచ్చే ధ్రువపత్రం చాలునా అన్నది ఈ వారమే ఆ సంస్థకు ఈమెయిల్ రాసి, లిఖితపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. చేరే తేదీ జనవరికి జరిగితే పైన చెప్పిన నెలకు రూ.32,000 మరో మూడు నెలలు కావాలి, అంటే ఇంకో రూ.96,000. ఆ పరిస్థితికి ఇప్పుడే సిద్ధం కావాలంటే, జీతం మొదలయ్యేవరకు ఇంటికి డబ్బు పంపడం ఆపుతానని నాన్నగారితో మనసు విప్పి చెప్పండి. ఆయనకు పింఛను ఉంది, పొదుపు ఉంది. కొన్ని నెలలు మీ డబ్బు లేకపోయినా ఇల్లు గడుస్తుంది, అదే డబ్బు మీ దగ్గర లేకపోతే మీ ఉద్యోగమే చిక్కులో పడుతుంది.

చిట్టీని కొనసాగించండి. అది రిజిస్టరైన చిట్టీయేనా అన్నది మాత్రం ఒప్పంద పత్రంలో చూసి నిర్ధారించుకోండి. ఇప్పుడు పాడుకుంటే డబ్బు చేతికొస్తుంది నిజమే గానీ, మిగిలిన వాయిదాలకు జీతమున్న జామీనుదారులను చూపించమంటారు, పైగా పాట తగ్గింపు నష్టం మీదే. వైవా ఆలస్యమై నిజంగా ఇరుకున పడినప్పుడు వాడుకునే చివరి ఆసరాగా దాన్ని ఉంచుకోండి.

ఉద్యోగం విషయంలో నా సలహా స్పష్టం: వెళ్లండి. అయితే మీకిచ్చేది ఉద్యోగ ఒప్పందమా, స్టైపెండా అన్నది తెలుసుకోకుండా సంతకం చేయవద్దు. ప్రభుత్వ రంగ జీతాల పట్టికలో ఇ13 శ్రేణి కింద ఒప్పందమైతే ఆరోగ్య బీమా, నిరుద్యోగ బీమా, పింఛను అన్నీ జీతంతో పాటే వస్తాయి. వాటికీ పన్నుకూ కలిపి పెళ్లికాని వారి స్థూల జీతంలో మూడో వంతుకు పైగా కోత పడుతుంది, కాబట్టి నియామక పత్రంలోని అంకెను రూపాయల్లోకి మార్చి మురిసిపోవద్దు. స్టైపెండ్ అయితే కోత తక్కువగా కనిపిస్తుంది గానీ ఆరోగ్య బీమా మొత్తం మీరే కట్టుకోవాలి, పింఛను ఖాతాలో ఏమీ జమ కాదు. ఇంకో మాట కూడా దృష్టిలో ఉంచుకోండి. అక్కడి చట్టం పరిశోధకులను శిక్షణ ప్రాతిపదికన తాత్కాలిక ఒప్పందాల మీద ఉంచడానికి డాక్టరేట్‌కు ముందు ఆరేళ్లు, తరువాత ఆరేళ్లు మాత్రమే అనుమతిస్తుంది. అందువల్ల ఈ రెండేళ్లూ శాశ్వత జీవితానికి పునాది కాకపోవచ్చు. మీ పేరు మీద నాలుగు మంచి వ్యాసాలూ కొంత పొదుపూ కూడబెట్టుకునే కాలంగానే చూడండి.

బయలుదేరే తేదీ విషయంలో చాలామంది పట్టించుకోని చిక్కు ఒకటుంది. ఉద్యోగం కోసం దేశం విడిచే భారత పౌరులు ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులకు తక్కువగా ఇక్కడ ఉంటేనే ఆదాయపు పన్ను దృష్టిలో ప్రవాసులవుతారు. ఏప్రిల్ 1 నుంచి లెక్కపెడితే సెప్టెంబరు 28కి 181 రోజులు పూర్తవుతాయి. సెప్టెంబరు 30 రాత్రి విమానమెక్కితే మీరు ఆ ఏడాదికి నివాసి కిందే లెక్క, అప్పుడు అక్టోబరు నుంచి మార్చి దాకా జర్మనీలో వచ్చిన జీతం కూడా ఇక్కడి రిటర్నులో చూపించాలి. అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ మినహాయింపు దొరుకుతుంది కాబట్టి నష్టం పెద్దగా ఉండకపోవచ్చు, కానీ కాగితాల పని ఎక్కువ. సంక్రాంతికి వచ్చి పది రోజులుంటే ఆ పది కూడా కలుస్తాయి. పండక్కి రావాలని ఉంటే సెప్టెంబరు రెండో వారంలోనే వెళ్లడం మేలు.

ఇప్పుడు షేర్ల మాట. తెలిసిన రంగంలో పెట్టుబడి పెట్టాలనుకోవడం సహజమే. కానీ మీ కుటుంబం ఆదాయాలనూ ఆస్తులనూ ఒక కాగితం మీద రాసి చూడండి. నాన్నగారి పింఛను బొగ్గు గనుల పింఛను పథకం నుంచి వస్తుంది, అది ధరలతో పాటు పెరగదు. మీ ఇంటి విలువ సింగరేణి మీద, 1983లో మొదలైన రామగుండం ఎన్టీపీసీ కేంద్రం మీద నిలబడి ఉంది. తమ్ముడి జీతం మట్టి తొలగించే కాంట్రాక్టు మీద ఆధారపడింది, ఆ గని మూతపడితే ఆ పని కూడా ఉండదు. మీ ఉద్యోగమైతే ఇంధన పరివర్తన, అంటే బొగ్గు నుంచి పునరుత్పాదక ఇంధనానికి మారడం మీద పరిశోధనకు ప్రభుత్వాలూ నిధి సంస్థలూ డబ్బిచ్చినంత కాలమే ఉంటుంది. మీ పొదుపును కూడా సౌర, పవన విద్యుత్ షేర్లలో పెడితే, ఇంధన విధానంలో ఒక్క పెద్ద మార్పు వచ్చినా ఇంట్లో అందరికీ ఒకేసారి దెబ్బ తగులుతుంది. ఆ షేర్లు మంచివా చెడ్డవా అన్న చర్చతో పనిలేకుండానే, మీకు మాత్రం అవి తగవని నా అభిప్రాయం.

వృత్తిపరమైన కారణం మరొకటి ఉంది, దాన్ని డబ్బు కంటే ముఖ్యమైనదిగా చూస్తాను. గని తవ్వే కంపెనీల నుంచి జిల్లా ఖనిజ నిధికి రావలసిన వాటాను, అంటే 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులపై రాయల్టీలో 30 శాతం, తరువాత వేలంలో ఇచ్చిన వాటిపై 10 శాతం సొమ్మును, ఏ ఊరికి ఎంత ఖర్చు చేశారో మీరు లెక్క తీస్తున్నారు. రేపు మీరు రాసే వ్యాసంలో ఏదైనా కంపెనీ ప్రస్తావన ఉండి, అదే కంపెనీలో మీకు షేర్లుంటే పత్రికకు ఆ ప్రయోజనాన్ని ప్రకటించాలి. ప్రకటించినా, గని పక్క ఊరివాళ్లు మీకు నమ్మి చెప్పిన మాటల మీద నీడ పడుతుంది. దేశంలోని 50 పెద్ద కంపెనీల షేర్లను కొనే నిఫ్టీ 50 సూచీ ఫండ్‌లో కోల్ ఇండియా, ఎన్టీపీసీ, ఓఎన్‌జీసీ కూడా కొద్ది కొద్ది వాటాల్లో ఉంటాయి, దానితో ఇబ్బంది లేదు. ఎంచి ఒక్కో కంపెనీని కొనడం, ఇంధన రంగం ఫండ్లు కొనడం మాత్రం మీరు ఈ వృత్తిలో ఉన్నంతకాలం మానుకోండి.

ప్లాటు విషయంలో నాన్నగారికి కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల సంగతి చెప్పండి. 2001లో ఆ గనులు మూతపడ్డాక ఊరు ఊరంతా పనికోసం రోజూ బెంగళూరు రైలెక్కింది; ఇళ్లున్నాయి, ఊళ్లో పని లేకపోయింది. గోదావరిఖనికి రేపే అలాంటి రోజు వస్తుందని నేననను. దేశం నికర శూన్య ఉద్గారాలకు పెట్టుకున్న గడువు 2070, బొగ్గు ఇంకా చాలా ఏళ్లు తవ్వుతారు. కానీ ఉన్న ఇల్లు ఆ ఊళ్లోనే ఉండగా రెండో ఆస్తిని కూడా అక్కడే కొంటే, అవసరమైన రోజున అమ్ముదామంటే కొనేవాళ్లు దొరకకపోవచ్చు. ఈ విషయం ఆయన కంటే మీకే బాగా తెలుసు, మీ పరిశోధన సారాంశమే అది. అందుకని ఆ రూ.26 లక్షల్లో రూ.20 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీంలో పెట్టించండి. ఏడాదికి 8.2 శాతం వడ్డీ లెక్కన మూడు నెలలకోసారి రూ.41,000 ఖాతాలో పడుతుంది. పెరగని పింఛనుకు అది తోడవుతుంది, మీరు పంపే రూ.10,000 అవసరం కూడా తగ్గుతుంది. మిగతా రూ.6 లక్షలు ఆసుపత్రి ఖర్చులకు రెండు బ్యాంకుల్లో ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా ఉంచండి. నామినీగా అమ్మగారి పేరు రాయించండి.

బ్యాంకులో మీరు చేయవలసిన పనులు రెండే, ఒకటి వెళ్లేముందు, ఒకటి వెళ్లాక. పీపీఎఫ్ (ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు) ఖాతా ప్రవాసులు కొత్తగా తెరవలేరు, నివాసిగా ఉన్నప్పుడు తెరిచినదాన్ని మాత్రం 15 ఏళ్ల గడువు దాకా కొనసాగించవచ్చు. కాబట్టి ఇప్పుడే రూ.500తో తెరిచి వదిలేయండి, జీతం స్థిరపడ్డాక జమ చేయవచ్చు. వెళ్లిన తరువాత మీ సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా (ప్రవాసుల రూపాయి ఖాతాగా) మార్చమని దరఖాస్తు ఇవ్వాలి. పాత ఖాతానే అలాగే వాడుకోవడం విదేశీ మారక నిబంధనలకు విరుద్ధం.

ఆలస్యంగా మొదలుపెడుతున్నానన్న బాధ మీ ఉత్తరంలో కనిపించింది. 35 ఏళ్లకు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరితే మూల వేతనం రూ.57,700తో మొదలై, 65 ఏళ్ల దాకా 30 ఏళ్ల సర్వీసు ఉంటుంది. జాతీయ పింఛను పథకం (ఎన్‌పీఎస్) కింద మూల వేతనం, కరవు భత్యం కలిపిన మొత్తం మీద మీరు 10 శాతం, విశ్వవిద్యాలయం 14 శాతం కడతారు. అది చిన్న మొత్తమేమీ కాదు.

జర్మనీలో చేరాక మొదటి రెండు నెలల్లో ఒక దరఖాస్తు మాత్రం మరచిపోవద్దు. అక్కడి ప్రభుత్వ రంగ సంస్థల అదనపు పింఛను పథకం వీబీఎల్‌లో మామూలుగా 60 నెలలు కడితేనే పింఛనుకు అర్హత వస్తుంది. తాత్కాలిక ఒప్పందంపై చేరే పరిశోధకులు రెండు నెలల లోపు కోరితే తప్పనిసరి సభ్యత్వం నుంచి మినహాయింపు తీసుకుని, సంస్థ కట్టే డబ్బును స్వచ్ఛంద ఖాతాలో వేయించుకోవచ్చు. ఆ ఖాతాకు 60 నెలల నియమం లేదు. జీతంలో మిగిలేదాన్ని ముందుగా ఆరు నెలల ఖర్చుకు సరిపడా యూరోల్లోనే దాచుకోండి, ఆ తరువాతే సూచీ ఫండ్ల మాట. ఒప్పందం ముగియడానికి మూడు నెలల ముందే అక్కడి ఉపాధి కార్యాలయంలో ఉద్యోగం వెతుక్కుంటున్నట్టు నమోదు చేయించుకోండి. ఆలస్యమైతే నిరుద్యోగ భృతిలో కోత పడుతుంది.