చెవితో దిద్దుకో, తల్లీ

మైలాపూరు, చెన్నై

చిరంజీవికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మూడోసారి మనవడి చేత పైకి చదివించుకుని, కళ్ళు మూసుకుని విన్నాను. "పత్రికకు పంపొచ్చా పెద్దమ్మా?" అని అడిగావు. ఇప్పుడే వద్దు. ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే కాస్త పొడుగ్గానే రాయాలి, ఓపిగ్గా చదువు.

ముందు నాకు బాగా నచ్చిన సంగతి. ఆరో పేజీలో మీ పాట టీచర్ తొడ మీద తాళం వేస్తూ ఉంటుంది. పక్కింటి పిల్లాడు గేటు తోసుకుని వస్తాడు. ఆవిడ తాళం ఆపకుండానే "చెప్పులు ఆడ వద్దురా, మెట్టు కింద విడువు" అంటుంది. ఆ ఒక్క మాటతో ఆవిడ నా ఎదురుగా కూర్చున్నట్టయింది. కొరుక్కుపేటలో ఆ ఇల్లు, ఆ మెట్టు, గుమ్మంలో పిల్లల చెప్పులు, మూలన గుంయ్‌మంటున్న శ్రుతిపెట్టె అన్నీ కనిపించాయి. కానీ మిగతా పది పేజీల్లో ఆవిడ మాట్లాడే తెలుగు ఆవిడది కాదు. "సంగీతమనునది ఒక మహత్తర తపస్సు, దానిని నీవు సాధించవలెను" అని ఏ పాట టీచరూ తొమ్మిదేళ్ళ పిల్లతో అనదు. "ఇంకోతూరి పాడు" అంటుంది. నిజంగా ఆవిడ అలాగే అంటుందని నీకూ తెలుసు. మరి ఎందుకలా రాశావు?

నీ భయం నాకు అర్థమైంది. బడిలో తమిళం చదువుకున్నావు. 2006 చట్టం వచ్చాక ఇక్కడి బళ్ళలో తమిళం తప్పనిసరి అయింది, మన పిల్లలకి తెలుగు అక్షరాలు ఇంట్లో నేర్పుకోవలసి వచ్చింది. మీ అమ్మ వేసవి సెలవుల్లో నీచేత పలక మీద దిద్దించడం నేను చూశాను. అందుకే తెలుగులో రాయడమంటే పుస్తకంలో మాట తెచ్చి పెట్టడమే అనుకున్నావు. ఇంట్లో అనే 'బిన్నా రా', 'గమ్మునుండు', 'దుడ్లు' కథలోకి వస్తే కోస్తా వాళ్ళు నవ్వుతారేమోనని టెన్షన్. నవ్వితే నవ్వనీ. ఈ ఊరి తెలుగు రాయడానికి నువ్వు కాకపోతే ఎవరొస్తారు? విజయవాడలో కూర్చుని ఎవరూ కొత్వాల్ చావడి తెలుగు రాయలేరు. అక్కడి కూరగాయల మార్కెట్టు 1996 లో కోయంబేడుకి తరలిపోయినా, కన్యకా పరమేశ్వరి గుడి చుట్టుపక్కల వీధుల్లో ఆ మాట ఇంకా వినిపిస్తుంది. ఒక సాయంత్రం వెళ్ళి, ఏమీ రాసుకోకుండా ఊరికే విను.

వినడం నాకు ఎవరు నేర్పారో చెబుతాను. ఏ రచయితా కాదు. నేను నెల్లూరు నుంచి కాపరానికి ఈ ఊరు వచ్చిన కొత్తలో, మా పక్క వాటాలో ఒక మామి పిల్లలకి పాట చెప్పేవారు. తమిళావిడ, తెలుగు మాట్లాడటం రాదు. కానీ సాయంత్రం నాలుగు నుంచి రాత్రి ఎనిమిది దాకా ఆ గోడ వెనక నుంచి వచ్చేదంతా తెలుగే. నిన్నుకోరి వర్ణం, ఆ తరవాత త్యాగరాజ కృతులు, పెద్దపిల్లలకి ఒకటో రెండో క్షేత్రయ్య పదాలు. మోహన రాగంలో ఆ వర్ణం కట్టిన రామనాథపురం శ్రీనివాసయ్యంగారు తమిళులే, అయినా సాహిత్యం తెలుగులో రాశారు. శ్యామశాస్త్రి గారు తంజావూరులో ఉండి తెలుగులో రాశారు. ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు గారు 1904 లో సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే గ్రంథం అచ్చు వేయిస్తే అది తెలుగు లిపిలో వచ్చింది. ఇవన్నీ నాకు అప్పుడు తెలియవు. తెలుగు నేల నుంచి వచ్చాను కాబట్టి తెలుగంతా నాదే అనుకునేదాన్ని.

ఒకరోజు మామి నోటుపుస్తకం నా చేతికొచ్చింది. అందులో తెలుగు కృతులన్నీ తమిళ అక్షరాల్లో ఉన్నాయి. తమిళంలో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకటే అక్షరం కదా, నీకు నేను చెప్పక్కర్లేదు. అందుకని ఆ అక్షరం నెత్తిన చిన్న అంకె వేసుకుంటారు. 2 వేస్తే ఖ, 3 వేస్తే గ, 4 వేస్తే ఘ. మామి ఆ అంకెలు ఎర్ర ఇంకుతో వేసుకున్నారు. పేజీ నిండా ఎర్రటి చిన్న చిన్న అంకెలు. కొన్నిచోట్ల 4 కొట్టేసి 3 చేశారు, ఎవరినో అడిగి తెలుసుకుని సరిదిద్దుకున్నట్టున్నారు. తనది కాని భాషలో ఒక్క హల్లు కూడా తప్పు పలకకూడదని ఆవిడ తాపత్రయం. ఆ పేజీ చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను. నా సొంత భాషలో నేను రాసుకున్న కథల్లో ఏ ఒక్క మాటనైనా అంత జాగ్రత్తగా పట్టి చూశానా అని బాధేసింది.

ఆ తరవాత కొన్నాళ్ళకి మామి మా తలుపు తట్టారు. జయంతశ్రీ రాగంలో త్యాగరాజ కృతి 'మరుగేలరా' చెబుతున్నారట. ఒక పిల్ల "మరుగు అంటే నీళ్ళు మరగడమా?" అని అడిగిందట. ఆ పిల్ల తెలుగింటి పిల్ల. నేను చెప్పాను: "ఇక్కడ మరుగంటే చాటు మామీ. మరుగు, ఏలరా. ఎందుకు చాటున ఉంటావు అని త్యాగరాజు రాముణ్ణి అడుగుతున్నాడు." ఆవిడ ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయారు. పది నిమిషాలకి గోడ అవతల పాట మళ్ళీ మొదలైంది. 'మరుగు' దగ్గర ఒక్క పిసరు నిలిచి, 'ఏలరా' అన్నచోట గొంతు మెత్తబడింది. రాగం అదే, తాళం అదే. కానీ అప్పటిదాకా అది పాట, అప్పటినుంచి అది ఒక మనిషి ఇంకొకరిని అడుగుతున్న ప్రశ్న. చేతిలో గరిట పట్టుకుని వంటింట్లో నిలబడి విన్నాను, కళ్ళంట నీళ్ళు వచ్చాయి.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక నా కథ తీసి పైకి చదివాను. మొదటి పేరాలోనే ఊపిరి చాల్లేదు. నాలుగు వరుసల వాక్యం, క్రియ ఎక్కడో చివర. నోరు తిరగని మాట వచ్చినప్పుడల్లా చూస్తే, అది నేను అనుకున్న మాట కాదు, ఎక్కడో చదివి గొప్పగా ఉందని తెచ్చిపెట్టుకున్నది. మూడు రాత్రులు దిద్దాను. పదహారు పేజీలు తొమ్మిదయ్యాయి. నా కథల్లో అచ్చయిన మొదటిది అదే.

నువ్వూ అలాగే చెయ్యి. సరళీ వరుసలు నువ్వు నేర్చుకున్నావు కదా, మొదటి కాలంలో ప్రతి స్వరం నిలబడేదాకా టీచర్ రెండో కాలానికి పోనివ్వదు. కథనీ అలా మొదటి కాలంలో చదువు. నిదానంగా, పైకి. తడబడ్డచోట పెన్సిల్‌తో గీత పెట్టు, అప్పుడే దిద్దకు. మర్నాడు గీతలున్న చోట్లే చూడు. అక్కడ పాత్ర మాట్లాడుతోందా, నువ్వు మాట్లాడుతున్నావా అని అడుగు. నీ కథలో అలాంటివి ముప్ఫై దాకా ఉంటాయి. కంగారుపడకు, అవన్నీ ఒక్క తప్పుకి పిల్లలే.

ఇంకో సంగతి. ఒంటరిగా చదువుకుంటే కొంతే తెలుస్తుంది. ఎదుట ఒకరు కూర్చుని వింటుంటే, వాళ్ళ మొహంలో మిగతాది తెలుస్తుంది. ఈ ఊరికి ఆ అలవాటు ఉండేది. పానగల్ పార్కులో మల్లాది రామకృష్ణశాస్త్రి గారు సాయంత్రాలు కూర్చుంటే చుట్టూ రచయితలు, పాటల వాళ్ళు చేరేవారు. ఆయన సంగతి పెద్దవాళ్ళు చెప్పగా విన్నదే, 1965 లోనే పోయారు. శ్రీశ్రీ, ఆరుద్ర, బాపు రమణలు, మాలతీ చందూర్ గారు అందరూ ఈ ఊళ్ళోనే ఉండేవారు. సినిమా హైదరాబాదు వెళ్ళిపోయింది, పత్రికలూ వెళ్ళిపోయాయి, వాళ్ళూ పోయారు. ఇప్పుడు ఊళ్ళో తెలుగు రాసేవాళ్ళు ఒకరికొకరు తెలియకుండా బతుకుతున్నారు, ఇది నాకు నిజంగా దిగులు. రాయపేట హై రోడ్డులో పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనం ఉంది, 1952 లో ఆయన ప్రాణం వదిలిన చోటు. అక్కడ సాహిత్య సభలు జరుగుతాయి. వెళ్ళు. ఉపన్యాసం నచ్చకపోయినా సరే, అయ్యాక బయట కాఫీ దగ్గర నిలబడే నలుగురితో మాటలు కలుపు. నీ వయసువాళ్ళు ఇద్దరు దొరికినా చాలు, నెలకోసారి కూర్చుని ఒకరి కథ ఒకరు వినండి.

పత్రికల సంగతి అడిగావు. భారతి 1924 లో ఈ ఊళ్ళోనే పుట్టింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు పెట్టారు. లజ్ దగ్గర నేను రోజూ నడిచే పార్కు ఆయన పేరు మీదే ఉంది. ఆంధ్రపత్రికైనా భారతైనా ఆయన అమృతాంజనం డబ్బుతో నిలబడ్డాయి. గృహలక్ష్మి పత్రికా అంతే, కేసరి గారి లోధ్ర మందు దాన్ని పోషించింది, ఆడవాళ్ళ రచనకి స్వర్ణకంకణం తొడిగింది. అంటే ఆ రోజుల్లో కూడా కథలు అమ్ముకుని ఏ పత్రికా బతకలేదమ్మా. తలనొప్పి మందు అమ్మి కథలు అచ్చు వేశారు. ఇప్పుడు చిన్న పత్రిక నడిపేవాళ్ళకి ఆ మందు కూడా లేదు, జేబులో డబ్బు ఉంది, అంతే. కాబట్టి నువ్వు కథ పంపాలనుకున్న పత్రికకి ముందు చందా కట్టు. ఏడాదిపాటు చదువు. అది ఎలాంటి కథ వేస్తుందో తెలియకుండా పంపడం, ఎవరింట్లో ఉన్నామో తెలియకుండా భోజనానికి కూర్చోవడం లాంటిది.

కథ తిరిగి వచ్చినందుకు ఏడవకు. దిద్దినందుకూ అలగకు. చందమామకి వచ్చిన కథల్ని కొడవటిగంటి కుటుంబరావు గారు ఎంతగా తిరగరాసేవారో ఆ తరం వాళ్ళు చెబుతారు. 1952 నుంచి 1980 లో పోయేదాకా ఆయన అక్కడే పనిచేశారు. పిల్లలకి అర్థమయ్యే తెలుగు అలా తయారైంది. అయితే దిద్దడం వేరు, అడగకుండా కథ మార్చేయడం వేరు. నా కథ ఒకటి ఒక పత్రికలో ముగింపు మారిపోయి వచ్చింది. ఇల్లు వదిలి వెళ్ళిన అమ్మాయి ఆఖరి పేరాలో తిరిగొచ్చి భర్త కాళ్ళ మీద పడింది. నేను రాయలేదు ఆ పేరా. చదివినవాళ్ళు నన్ను మెచ్చుకుంటే ఎక్కడికి పోవాలో తెలియలేదు. సంపాదకుడికి ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. తరవాత నా పుస్తకంలో నా ముగింపు వేసుకున్నాను. అందుకని ప్రతి కథకీ నకలు ఉంచుకో, పంపిన తేదీ రాసుకో, ముగింపు మార్చాలంటే ఒక్కమాట అడగమని మర్యాదగా కాగితం కింద రాయి. డబ్బు కట్టించుకుని బిరుదిస్తామనేవాళ్ళు, సంకలనంలో వేస్తాం ఇంత పంపమనేవాళ్ళు నీకూ ఫోన్ చేస్తారు. పెట్టెయ్.

తమిళంలో చదువుకున్నానని చిన్నబుచ్చుకోకు. మాలతీ చందూర్ గారు ఇక్కడే ఉండి తమిళం నుంచి కూడా తెలుగులోకి తెచ్చారు. నువ్వు నెలకొక తమిళ కథ తెలుగు చెయ్యి, అచ్చుకి కాదు, చేయి తిరగడానికి. రెండు భాషల్లో ఏ మాట ఎక్కడ నిలబడుతుందో అప్పుడు తెలుస్తుంది. చదవడానికి పుస్తకాల్లేవన్నావు. ఎగ్మూరులో కన్నెమెరా లైబ్రరీ 1896 నుంచి ఉంది. దేశంలో అచ్చయిన పుస్తకాల ప్రతులు చట్టప్రకారం అక్కడికి పంపాలి, తెలుగువీ వాటిలో ఉంటాయి. శనివారం పొద్దున్నే వెళ్ళి తెలుగు అరల దగ్గర నిలబడు. ఎవరూ తీయక దుమ్ము పట్టిన పుస్తకం తీసినా మంచిదే.

డిసెంబరు వస్తోంది. సంగీత సభల్లో మధ్యాహ్నం కచేరీలకి చాలాచోట్ల టికెట్ ఉండదు. నీ ఈడు పిల్లలు పాడతారు. వెళ్ళి వెనక వరుసలో కూర్చో. పక్కన చీరకొంగు సర్దుకుంటూ తాళం వేసే తమిళ మామిని గమనించు, తెలుగు మాట ఒకటి విరిగినప్పుడు నీ ఒళ్ళు ఎలా జివ్వుమంటుందో కూడా గమనించు. నీ కథ పైకి చదివేటప్పుడు అదే ఒళ్ళు నీకు చెబుతుంది.

ఇక నీ టీచర్ దగ్గరికి మళ్ళీ వెళ్ళు. పాఠానికి కాదు, ఊరికే. ఫీజు ఎంత తీసుకుంటుందో, నెల మొదట్లో ఎవరు ఇవ్వలేదో, ఇవ్వనివాళ్ళ పిల్లని ఎక్కడ కూర్చోబెడుతుందో చూడు. ఆవిడ నోటుపుస్తకం అడిగి తీసుకో. అందులో ఏ అక్షరాలున్నాయి, ఎక్కడ కొట్టివేతలున్నాయి, ఏ పేజీ మడత పడి ఉంది, నాకు రాసి పంపు. నీ కథలో ఆవిడ చేతిలో నోటుపుస్తకం ఉంది కానీ, దాన్ని నువ్వు ఒక్కసారి కూడా తెరవలేదు.

వచ్చే నెల మొదటి ఆదివారం నాలుగింటికి ఇంటికి రా. బీచ్ స్టేషన్లో రైలు మారి తిరుమయిలైలో దిగితే అయిదు నిమిషాల నడక. కథ కాగితం మీద రాసి తీసుకురా, ఫోన్లో వద్దు. నువ్వు చదువు, నేను వింటాను. మామి ఇప్పుడు పాట చెప్పడం లేదు, ఎనభై దాటాయి, చూపు తగ్గింది. చెవి మాత్రం అలాగే ఉంది. నువ్వొస్తున్నావని చెప్పాను, ఆవిడా వచ్చి కూర్చుంటానన్నారు.

ఆశీస్సులతో,
మైలాపూరు పెద్దమ్మ