ఆరో తరగతికి టెక్నో స్కూలా, జెడ్పీ హైస్కూలా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లాలో ఒక మండల కేంద్రం. మావారికి మోటారు వైండింగ్ షాపు ఉంది, నెలకు పాతిక వేల దాకా వస్తాయి. పాప ఇక్కడి చిన్న ప్రైవేటు స్కూల్లో ఐదో తరగతి అయిపోయింది, ఆపైన అక్కడ తరగతులు లేవు. టౌన్‌లోని టెక్నో స్కూల్లో వేయమని చుట్టాలంతా అంటున్నారు. ఫీజు 45 వేలు, బస్సుకు 14 వేలు, పుస్తకాలకూ యూనిఫాంకూ 9 వేలు. జెడ్పీ హైస్కూల్ ఇంటికి కిలోమీటరున్నర. ఎటు పంపమంటారు?

జవాబు: ముందు డబ్బు లెక్క చూద్దామమ్మా. మీరు చెప్పినవన్నీ కలిపితే ఏడాదికి 68 వేలు. ఏటా పది శాతం పెరుగుతుందనుకుంటే పదో తరగతి ముగిసేసరికి సుమారు 4 లక్షల 15 వేలు అవుతుంది. మీ సంపాదనలో ఐదో వంతుకు పైనే అన్నమాట. అసలు ఖర్చు ఇంటర్‌లో మొదలవుతుంది. ఎంపీసీ, బైపీసీ కోచింగ్, హాస్టల్ అనేసరికి చేతిలో ఏమీ మిగలక, బాగా చదివే ఆడపిల్లను దగ్గర్లో ఏది దొరికితే ఆ కాలేజీలో చేర్చిన ఇళ్లు చాలా ఉన్నాయి. అందుకే ఐదేళ్ల ఫీజునూ ఆ తర్వాతి రెండేళ్లనూ కలిపి చూడాలి.

ఇక చదువు. సర్కారు బడి అనగానే ఒక మాట, కార్పొరేట్ అనగానే ఇంకో మాట అనేయకండి, ఒక్కో బడి ఒక్కోలా ఉంటుంది. బడులు తెరిచే జూన్ రెండో వారంలో, బడిబాట జరిగేటప్పుడు, జెడ్పీ హైస్కూల్‌కు వెళ్లి హెడ్‌మాస్టర్‌ను టైంటేబుల్ చూపించమని అడగండి. గణితం, ఫిజికల్ సైన్స్, బయాలజీ, ఇంగ్లిష్‌లకు స్కూల్ అసిస్టెంట్లు (అంటే హైస్కూల్ సబ్జెక్ట్ టీచర్లు) ఉన్నారా, ఏ పోస్టైనా ఖాళీగా ఉందా, ఎవరైనా డిప్యుటేషన్ మీద వేరే బడికి వెళ్లారా అన్నది ముఖ్యం. డీఎస్సీలో ఎంపికైన సబ్జెక్ట్ టీచర్ బోర్డు దగ్గర నిలబడితే ఆ బడికి సాటి దొరకడం కష్టం. అదే గణితం పోస్టు రెండేళ్లుగా ఖాళీగా ఉంటే మాత్రం రంగులేసిన గోడలు చూసి మోసపోవద్దు. ఎనిమిదో తరగతి పిల్లల గణితం నోటుపుస్తకం ఒకటి తెరిచి చూడండి. లెక్కలు పిల్లలే చేశారా, గైడు చూసి దించారా, టీచర్ దిద్దారా అన్నది రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆడపిల్ల కాబట్టి టాయిలెట్లు, నీళ్లు కూడా చూడండి. ఇది అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

టెక్నో స్కూల్లో అడగాల్సినవి వేరు. గుర్తింపు పదో తరగతి వరకు ఉందా, ఏడు వరకేనా? కొన్ని స్కూళ్లకు పై తరగతులకు గుర్తింపు ఉండదు, పిల్లల్ని వేరే స్కూలు పేరుమీద పదో తరగతి పరీక్ష రాయిస్తారు. తర్వాత స్టడీ సర్టిఫికెట్ కోసం తిరగాల్సింది మీరే. యుడైస్ నంబర్ (ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) రాసుకుని మండల విద్యాధికారి ఆఫీసులో సరిచూసుకోండి. ఫ్లెక్సీ మీద ఫొటోలను వదిలేసి, పోయినేడు ఎంతమంది పరీక్ష రాశారు, అందరి మార్కులు ఎలా ఉన్నాయని అడగండి. గణితం సార్ ఎన్నేళ్లుగా ఉన్నారో కూడా. ఏటా మారిపోయే టీచర్లే అక్కడి అసలు జబ్బు. ఒలింపియాడ్ సెక్షన్, మామూలు సెక్షన్ విడివిడిగా ఉంటే మంచి టీచర్లు మొదటిదానికే వెళ్తారు. రెండోదానికీ ఫీజు పెద్దగా తగ్గదు. ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ అంటూ ఆప్షన్లు గుర్తుపెట్టించే చోట భిన్నాలు, దశాంశాలు కుదరకుండానే ఏడుకొస్తారు.

ఇంగ్లిష్ మీడియం భయం ఇప్పుడు అంతగా అవసరం లేదు. సర్కారు బడుల్లోనూ ఇంగ్లిష్ మీడియం ఉంది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్‌లో, ఎదుటి పేజీ తెలుగులో ఉంటుంది. మాట్లాడటం రావాలంటే రోజూ పావుగంట ఇంట్లో పైకి చదివించండి.

సర్కారు బడిలో చదివితే చేతికొచ్చేవి రెండున్నాయి. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, ఏడో తరగతిలో 55 శాతం మార్కులు కావాలి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12 వేలు. రెండోది, బాసర ఆర్జీయూకేటీ (ట్రిపుల్ ఐటీ) ప్రవేశాల్లో గురుకులాలు కాని ప్రభుత్వ బడుల పిల్లల స్కోరుకు కొంత అదనంగా కలుపుతారు. పదో తరగతి స్కోరుతోనే సీటిచ్చే చోట అది చిన్నదేం కాదు. ఏటా నోటిఫికేషన్‌లో నిబంధనలు మాత్రం చూసుకోండి. ఇక తమిళనాడులో ప్రభుత్వ బడుల పిల్లలకు మెడికల్ సీట్లలో ఉన్న 7.5 శాతం కోటా మన దగ్గర లేదు. ఎవరైనా ఉందంటే నమ్మకండి.

పాప ప్రభుత్వ మోడల్ స్కూల్ ఆరో తరగతి ప్రవేశ పరీక్ష రాసిందా? రాసి సీటొస్తే ఈ రెండూ పక్కనపెట్టి అక్కడే చేర్చండి, ఇంటర్ దాకా అదే ప్రాంగణం. రాయకపోతే, మీ జెడ్పీలో గణితం, సైన్స్, ఇంగ్లిష్ టీచర్లున్నారని తేలితే అక్కడే వేయమంటాను. గణితం టీచర్ లేకపోతే పక్క ఊరి హైస్కూల్ చూడండి, అదీ కుదరకపోతేనే ప్రైవేటు.

జెడ్పీలో వేసి ఊరుకుంటే కుదరదు. సాయంత్రం చదువు ఎవరు చూస్తారన్నదే అక్కడ తేడా కొట్టే విషయం. మిగిలే 68 వేలలో గణితం ట్యూషన్‌కు 15 వేలు పెట్టండి. నెలకు 3 వేలు పోస్టాఫీసులో ఐదేళ్ల ఆర్‌డీ కట్టండి. ఇప్పుడు మొదలుపెడితే సరిగ్గా ఇంటర్‌లో చేరే వేళకు వడ్డీ కాకుండానే 1 లక్షా 80 వేలు చేతికొస్తాయి.

పాత స్కూల్లో ఫీజు బకాయి ఉందని టీసీ ఆపితే వెనకాడొద్దు. ఎనిమిదో తరగతిలోపు టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడి అడ్మిషన్ ఆపకూడదు, విద్యాహక్కు చట్టం సెక్షన్ 5 అదే చెబుతుంది. టీసీ చేతికొచ్చాక పాప పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో అక్షరం అక్షరం సరిపోయాయో చూడండి. తప్పుంటే ఇప్పుడే దిద్దించాలి, పదో తరగతి మెమోలో పడ్డాక దిద్దించడం మహా కష్టం.