మడగాస్కర్‌కి 8 రోజులు చాలవా అంటే చాలు, కానీ ఒక షరతు

దసరా సెలవుల్లో అమ్మానాన్నల్ని తీసుకుని 8 రోజులు మడగాస్కర్ వెళ్తే లెమూర్లు (కోతుల్లాంటి జంతువులు), ఆ బావొబాబ్ చెట్ల దారి రెండూ చూసి రావచ్చా అని అడిగారు కదా. రావచ్చు, కాకపోతే సగం సెలవు కారులోనే అయిపోతుంది. నేనూ మా ఆవిడా 2019లో 11 రోజులు వెళ్లి అచ్చంగా ఆ తప్పే చేశాం.

ఆఫ్రికా పక్కనున్న ఈ ద్వీపం మ్యాప్‌లో చిన్నగా కనిపిస్తుంది గానీ, మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా దానికి సగం కూడా రావు. పైగా రోడ్లు! రాజధాని అంతాననరివో (అక్కడివాళ్లు ముద్దుగా తానా అంటారు, అమెరికా తెలుగువాళ్ల తానాకీ దీనికీ ఏం సంబంధం లేదు) నుంచి బావొబాబ్‌లు ఉండే మొరొందవాకి రోడ్డు మీద దాదాపు 700 కిలోమీటర్లు. మనకది హైదరాబాద్ నుంచి చెన్నై కన్నా కాస్త ఎక్కువ, రాత్రి బస్సెక్కితే పొద్దున్నే దిగిపోతాం అనుకున్నాను. రెండు పగళ్లు పట్టింది. మధ్యలో అంత్సిరాబేలో ఒక రాత్రి ఆగాం, రెండో రోజు మిట్టమధ్యాహ్నం రేడియేటర్ పోయి నాలుగు గంటలు ఒక చింతచెట్టు కింద కూర్చున్నాం. డ్రైవర్‌కి ఏ టెన్షనూ లేదు, నవ్వుతూ "మురా మురా" అన్నాడు, అంటే నిదానంగా నిదానంగా అని. ఆ మాట మీకూ బాగా అలవాటవుతుంది.

చెట్లు బాగాలేవని కాదు. ప్రపంచంలో 8 రకాల బావొబాబ్‌లుంటే 6 ఆ దేశంలో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగవు. మన గోల్కొండ నయా ఖిల్లాలో ఉన్న పెద్ద చెట్టు కూడా బావొబాబే, కానీ అది ఆఫ్రికా రకం, పొట్టిగా బానలా ఉంటుంది. మొరొందవావి నిట్టనిలువుగా స్తంభాల్లా లేచి, ఎక్కడో పైన నాలుగు కొమ్మలు. సాయంత్రం ఎండ పడితే బెరడు రాగిచెంబు రంగుకి తిరుగుతుంది. ఆ గంటసేపటి కోసం రానూపోనూ నాలుగు రోజులు, పెద్దవాళ్ల నడుములతో, నేనైతే వద్దంటాను. విమానం ఉంది, కానీ టైముకి బయల్దేరుతుందని నమ్ముకుని తిరుగు ప్రయాణం మర్నాడే పెట్టుకోవద్దు.

నా సలహా: అందాసిబే అనే అడవి పార్కు ఒక్కటే పెట్టుకోండి. తానా నుంచి తూర్పుకి 150 కిలోమీటర్ల లోపే, నాలుగైదు గంటలు వేసుకోండి. అక్కడే ఇంద్రి ఉంటుంది, లెమూర్లలో అన్నిటికన్నా పెద్దది, నలుపూ తెలుపూ, తోక ఉన్నట్టే ఉండదు. దాన్ని జూలో పెట్టి బతికించలేకపోయారు, చూడాలంటే అక్కడికి వెళ్లాల్సిందే. స్థానికులు బాబకూటు అంటారు, తమ పూర్వీకులతో దానికేదో చుట్టరికం ఉందని నమ్ముతారు, చంపడం నిషిద్ధం. పొద్దున ఏడున్నరకి అడవిలో నిలబడి ఉన్నాం, ఇంద్రి కూత ఎవరో శంఖం ఊదినట్టు మొదలై చివర్లో పసిబిడ్డ ఏడుపులా సాగింది, దానికి ఇంకో కొండ మీంచి బదులు. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాత ఒకటి మా నెత్తి మీద కొమ్మకే దిగి, తీరిగ్గా ఒక్కొక్క ఆకూ తెంపుకుని తింటూ, మమ్మల్ని ఓ చూపు చూసి ఊరుకుంది.

పార్కులోకి గైడ్ లేకుండా పంపరు, మంచిదే, వాళ్ల కళ్లకి కనిపించేవి మనకి కనపడవు. రాత్రి పార్కులోకి వెళ్లనివ్వరు, అడవి పక్కన రోడ్డు వెంట టార్చీతో నడిపిస్తారు. ఇది మానుకోవద్దు. మా గైడ్ టార్చీ ఒక కొమ్మ మీద ఆపితే నాకు ఆకులు తప్ప ఏమీ కనపడలేదు, దగ్గరికెళ్తే తోకని జంతికలా చుట్టుకుని పాలిపోయిన రంగులో నిద్రపోతున్న ఊసరవెల్లి. ప్రపంచంలోని ఊసరవెల్లి జాతుల్లో సగం దాకా ఈ దేశంలోవే. జలగలుంటాయి, పొడుగు సాక్సులు వేయించండి.

అక్టోబర్ మంచి సమయమే, ఇంకా వానలు మొదలవ్వవు, తానాలో జకరాండా చెట్లు ఊదారంగు పూలతో ఉంటాయి. తిండికి భయం లేదు, మూడు పూటలా అన్నమే. కుండలో అడుగు మాడిన అన్నంలో నీళ్లు పోసి కాచి ఇస్తారు, రానవోలా అంటారు, మీ నాన్నగారికి తప్పకుండా నచ్చుతుంది. శాకాహారులైతే అన్నం, ఉడికించిన బీన్స్, అంతకుమించి పెద్దగా ఆశించకండి, ఆవకాయ సీసా చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టుకోండి. నగదు మాత్రం తానాలోనే మార్చుకోండి. అన్నిటికన్నా పెద్ద నోటు 20,000 అరియారీ, మన డబ్బుల్లో ఏ నాలుగు వందలో, అందుకని నోట్లు జేబులో పట్టవు, నేను చివరికి మా ఆవిడ టిఫిన్ డబ్బాలో పెట్టుకుని తిరిగాను.

జ్వరం మాత్రల విషయం, మలేరియాకి ముందు నుంచే వేసుకోవాల్సినవి ఉంటాయి, డాక్టర్ని నెల ముందే అడగండి. ఆఫ్రికా మీదుగా వెళ్తుంటే ఎల్లో ఫీవర్ టీకా కార్డు అవసరమా అన్నది కూడా అప్పుడే చూసుకోండి. మీ విమానం ఏ ఊరు మీదుగానో రాస్తే మిగతాది చెప్తాను.