అదే దెబ్బకి అదే జరిమానా: ఇది న్యాయమేనా?

ప్ర: సార్, నేను మియాపూర్‌లో ఉంటాను, అమెరికా కంపెనీకి నైట్ షిఫ్ట్ చేస్తాను. మా అక్కవాళ్లు డాలస్‌లో ఉంటారు, మా బావ వల్ల నాకూ అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి పట్టింది. సోమవారం పొద్దున షిఫ్ట్ అయ్యాక మ్యాచ్ చూసి గానీ పడుకోను. మొన్న ఫోన్లో ఇద్దరం గట్టిగా వాదించుకున్నాం. హెల్మెట్‌తో గుద్దితే కోట్లు తీసుకునే స్టార్‌కీ, నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాడికీ ఒకటే ఫైన్ అట. 'రూల్ అందరికీ ఒకటే, అదే న్యాయం' అంటాడు బావ. నాకు మనసొప్పట్లేదు. మీరేమంటారు?

జ: నేను మీ వైపే. కానీ మీ బావగారి మాటలో కూడా కొంత నిజం ఉంది, అదీ చెప్తాను.

ముందు లెక్క చూద్దాం. 2023 సీజన్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైన్ల పట్టిక ప్రకారం తల దించి హెల్మెట్‌తో గుద్దితే మొదటిసారి 21,855 డాలర్లు, రెండోసారి 43,709 డాలర్లు. ఆ ఏడాది కొత్తగా చేరినవాడి కనీస జీతం 7,50,000 డాలర్లు. ఇది 18 వారాల మీద పంచి ఇస్తారు కాబట్టి వారం చెక్కు 41,667 డాలర్లు, పన్నులు పోకముందు. అంటే ఒక్క దెబ్బకి వారం జీతంలో సగం పైనే పోయింది, రెండోసారి కూడా చేస్తే ఆ వారం ఆడినందుకు వాడే ఎదురు కట్టాలి. అదే ఏడాదికి కోటీ 80 లక్షల డాలర్లు తీసుకునేవాడి వారం చెక్కు 10 లక్షలు. అందులో 21,855 అంటే రెండు శాతం మీద కాస్త. వాడికి తెలియను కూడా తెలియదు.

మా కాలనీలో ఇస్త్రీ బండి పెట్టుకున్న అతను ఒకసారి నాకు ఫోన్ చూపించాడు. ఎర్ర లైటు పడ్డాక అతని మోపెడ్ గీత దాటిన ఫొటో, వెనక సీటు మీద తెల్ల దుప్పట్లో కట్టిన బట్టల మూట కూడా స్పష్టంగా కనిపిస్తోంది, కింద 1,035 రూపాయల చలానా. 'రెండు రోజుల పని సార్' అన్నాడు. తప్పు చేయలేదని అతను అనలేదు. అదే వారంలో మా నాలుగో అంతస్తాయనకి కారు మీద సరిగ్గా అంతే పడితే, లిఫ్ట్ కిందికి వచ్చేలోపు ఫోన్లో కట్టేశారు, మళ్లీ ఆ మాటే ఎత్తలేదు. ఇద్దరికీ అంకె ఒకటే, శిక్ష మాత్రం ఒకటి కాదు. మీరు బావగారితో చెప్పాల్సింది ఇదే: సమానంగా ఉండాల్సింది అంకె కాదు, నొప్పి.

ఇక మీ బావగారి వైపు. ఈ అంకెలు లీగ్ ఒక్కటే కూర్చుని రాసుకున్నవి కావు. యజమానులకీ ఆటగాళ్ల యూనియన్‌కీ మధ్య జరిగిన ఒప్పందంలో ఉన్నవి, ఇప్పుడు నడుస్తున్నది 2020లో కుదిరింది. ముందే రాసిపెట్టి ఉండటం చిన్న ఆటగాడికి కూడా రక్షణే, ఎవరి మీదో కోపంతో ఇష్టం వచ్చినంత వేయడానికి ఉండదు. పైగా 2011 ఒప్పందంలోనే ఒక వెసులుబాటు పెట్టారు: మొదటి తప్పుకి పడిన ఫైన్ వారం జీతంలో 25 శాతం దాటితే, రెండోదానికి 50 శాతం దాటితే, నా సంపాదనకి ఇది ఎక్కువని ఆటగాడు అప్పీలు చేసుకోవచ్చు. అంటే మీరు అడుగుతున్న ప్రశ్న వాళ్లకీ తట్టింది. కానీ అడిగినవాడికే తగ్గుతుంది, అదీ విచారణాధికారి ఒప్పుకుంటేనే. నోటీసు వచ్చిన మూడు పనిదినాల్లో అప్పీలు వేయాలి, ఆ వారం మ్యాచ్‌కి తయారవుతూనే. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని కుర్రాడు దీని కోసం ఎందుకు తిరగాలి? మొదటే శాతంలో వేస్తే సరిపోదా?

మన క్రికెట్‌లో జరుగుతున్నది అదే కదా. 2024 డిసెంబర్‌లో అడిలైడ్ టెస్టులో మన సిరాజ్, ట్రావిస్ హెడ్‌ని ఔట్ చేసి మాటలు విసిరినందుకు మ్యాచ్ ఫీజులో 20 శాతం కోత పడింది, దాంతో పాటు ఒక డీమెరిట్ పాయింట్. హెడ్‌కి డబ్బు పోలేదు గానీ పాయింట్ మాత్రం పడింది. (ఇద్దరూ ఉప్పల్‌లో సన్‌రైజర్స్‌కి ఆడినవాళ్లే, ఆ రాత్రి మన ఊళ్లో ఎవరి పక్షం తీసుకోవాలో తెలియక చాలామంది నలిగిపోయారు.) మళ్లీ 2025 జులైలో లార్డ్స్‌లో డకెట్‌ని సాగనంపిన తీరుకి సిరాజ్‌కి 15 శాతం. టెస్టుకి మన బోర్డు ఇచ్చే ఫీజు 15 లక్షలు కాబట్టి లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. ఫీజు తక్కువ ఉన్న దేశం ఆటగాడికి కూడా ఆ 15 శాతం అతని స్థాయిలోనే తగులుతుంది.

అయితే శాతం అనగానే అన్నీ సర్దుకుంటాయని అనుకోకండి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పెద్ద స్టార్ల జీతం కాగితం మీద చాలా చిన్నదిగా ఉంటుంది, ఎందుకంటే అసలు డబ్బంతా బోనస్ రూపంలో ముందే ఇచ్చేస్తారు. 2022లో క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) డెషాన్ వాట్సన్‌కి క్లీవ్‌లాండ్ టీమ్ ఇచ్చిన ఒప్పందం 23 కోట్ల డాలర్లది, మొత్తం గ్యారంటీ. కానీ మొదటి ఏడాది మూలజీతం 10,35,000 డాలర్లే. ఆ ఏడాది అతని ప్రవర్తన మీద మహిళలు చేసిన ఆరోపణలతో 11 మ్యాచ్‌ల సస్పెన్షన్ పడింది. సస్పెన్షన్‌లో పోయేది ఆ చిన్న జీతంలోని వాటానే కాబట్టి 50 లక్షల డాలర్ల ఫైన్ విడిగా వేయాల్సి వచ్చింది. కాబట్టి శాతం పెట్టేట్టయితే బోనస్‌ని కూడా కలిపి ఆ ఏడాది మొత్తం సంపాదన మీదే పెట్టాలి. లేకపోతే మళ్లీ దొరికేది ఆ చిన్న కుర్రాడే. బావగారికి ఈ మాట కూడా చెప్పండి.

ప్ర: రిఫరీ తప్పని జెండా విసరని దెబ్బకి కూడా తర్వాత ఫైన్ వేస్తారు, జెండా విసిరినదానికి ఒక్కోసారి వేయరు. ఇదేం పద్ధతి? (ఒక పాఠకుడు, తార్నాక)

జ: మైదానంలో రిఫరీకి దొరికేది ఒక్క క్షణం, ఒక్క కోణం. లీగ్ ఆఫీసులో కూర్చున్నవాళ్లు ఆ తర్వాత వారమంతా వీడియో వెనక్కీ ముందుకీ తిప్పి చూస్తారు. ఈ రెండూ వేరువేరు పనులు, అందుకే రెండు ఫలితాలు వస్తాయి. నాకు ఇందులో అన్యాయం కనిపించదు. అప్పీలు వినేవాళ్లు కూడా లీగ్, యూనియన్ కలిసి నియమించినవాళ్లు, ఇద్దరూ కలిసే జీతమిస్తారు. టాంపా బే తరఫున ఏళ్ల తరబడి లైన్‌బ్యాకర్‌గా (ఎదుటివాళ్లని ఆపి కింద పడేసేవాడు) ఆడిన డెరిక్ బ్రూక్స్ వాళ్లలో ఒకరు. దెబ్బ కొట్టడమంటే ఏమిటో తెలిసినవాడు వినడం మంచిదే.

ప్ర: ఆ డబ్బంతా టీమ్ ఓనర్ల జేబులోకేనా? (ఒక పాఠకురాలు, కొత్తపేట)

జ: కాదండీ. కష్టాల్లో ఉన్న మాజీ ఆటగాళ్లని ఆదుకునే ఫౌండేషన్‌కీ, ఆటగాళ్ల ఆరోగ్య కార్యక్రమాలకీ వెళ్తుంది.

ప్ర: 2019లో మైల్స్ గారెట్ ఎదుటి క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్ పీకి దాంతోనే తల మీద కొట్టాడు. గారెట్‌కి 45,623 డాలర్ల ఫైన్, దెబ్బ తిన్న మేసన్ రుడాల్ఫ్‌కి 50,000. కొట్టినవాడి కంటే తిన్నవాడికి ఎక్కువా? మా ఆఫీసులో దీని మీద ఇప్పటికీ కొట్టుకుంటున్నాం. (ఒక పాఠకుడు, ఉప్పల్)

జ: ఆ వీడియో నేను చాలాసార్లు చూశాను, ఇప్పటికీ చూడబుద్ధి కాదు. ఆట అయిపోవడానికి ఇంకా 8 సెకన్లే ఉంది, గారెట్ టీమ్ క్లీవ్‌లాండ్ 21-7తో గెలిచేసింది. పాస్ వేసేసిన రుడాల్ఫ్‌ని గారెట్ కింద పడేశాడు. కింద పడ్డవాడు ఊరుకోకుండా గారెట్ హెల్మెట్ లాగబోయాడు. గారెట్ అతని హెల్మెట్ జాలీ పట్టుకుని పైకి లేపి ఊడబీకేశాడు. రుడాల్ఫ్ టీమువాళ్లు గారెట్‌ని పట్టుకుని ఆపుతుండగా రుడాల్ఫ్ వట్టి తలతో మీదికొచ్చాడు, అప్పుడు గారెట్ చేతిలో హెల్మెట్‌తో అతని నెత్తి మీద వేశాడు. అంచు తగిలి ఉంటే ఏమయ్యేదో అనుకుంటేనే భయం వేస్తుంది.

మీరు ఫైన్ ఒక్కటే చూస్తున్నారు. గారెట్‌ని నిరవధికంగా సస్పెండ్ చేశారు, సీజన్‌లో మిగిలిన 6 మ్యాచ్‌లూ, వాటి జీతమూ పోయాయి. మళ్లీ ఫిబ్రవరిలో గానీ తీసుకోలేదు. రుడాల్ఫ్‌కి ఒక్క మ్యాచ్ కూడా పోలేదు, అతని శిక్షంతా ఆ 50,000లోనే ఉంది. రెండు టీములకీ చెరో 2,50,000 వేశారు. అలా చూస్తే గారెట్‌కే చాలా ఎక్కువ పడింది, పడాలి కూడా. అయినా రుడాల్ఫ్ అంకె నాకు ఎక్కువనే అనిపిస్తుంది. గొడవలో అతని పాత్ర ఉంది, కాదనను. కానీ అప్పటికి అతను రెండో ఏడాది కుర్రాడు, కొత్త ఆటగాళ్ల ఎంపికలో మూడో రౌండులో తీసుకున్నవాడు, అలాంటివాడికి 50,000 అంటే వారం చెక్కు దాటిపోతుంది. మళ్లీ మియాపూర్ పాఠకుడి ప్రశ్న దగ్గరికే వచ్చాం చూడండి.

ప్ర: ఇంత డబ్బున్నవాళ్లు ఫైన్లకి మారతారా? ఊరికే ఆటలో మజా పోవడం తప్ప. (ఒక పాఠకుడు, మెహదీపట్నం)

జ: మజా మాట పక్కన పెట్టండి, ఆ తలలు మనుషులవి. తలకి తగిలిన దెబ్బల (కంకషన్ల) వల్ల జ్ఞాపకం, మాట దెబ్బతిన్న మాజీ ఆటగాళ్లు కోర్టుకి వెళ్తే 2013లో లీగ్ 76 కోట్ల 50 లక్షల డాలర్లకి రాజీకి వచ్చింది, తర్వాత ఆ పరిమితిని కూడా తీసేశారు. 2010లో పిట్స్‌బర్గ్ లైన్‌బ్యాకర్ జేమ్స్ హారిసన్‌కి ఒక్క దెబ్బకి 75,000 వేసినప్పుడు, ఇక ఆటే మానేస్తానన్నాడు. అప్పట్లో చాలామంది అతని పక్షమే మాట్లాడారు. నేనైతే ఆ రోజూ లీగ్ చేసింది సరైనదే అనుకున్నాను, ఇప్పుడూ అంతే.

కానీ ఫైన్ ఒక్కటే చాలదన్నది నిజం. 2023లో డెన్వర్ టీమ్‌లో ఆడిన కరీమ్ జాక్సన్‌కి వరసగా ఫైన్లు పడ్డాయి, అయినా తల దించి గుద్దడం ఆగలేదు. చివరికి నాలుగు మ్యాచ్‌ల సస్పెన్షన్ వేశారు, అప్పీలులో అది రెండుకి తగ్గింది. తిరిగొచ్చిన మొదటి మ్యాచ్‌లోనే మళ్లీ అదే దెబ్బ, మళ్లీ నాలుగు మ్యాచ్‌లు. అది అతనికి 14వ సీజన్. చిన్నప్పటి నుంచి ఒంటికి అలవాటైన పద్ధతి చెక్కులో కోత పడితే పోదు. కోచ్‌లు ప్రాక్టీసులోనే మాన్పించాలి, మానకపోతే బెంచ్ మీద కూర్చోబెట్టాలి. ఆడే అవకాశం పోతే ధనికుడికైనా పేదవాడికైనా ఒకేలా తగులుతుంది.

ప్ర: బూట్ల రంగుకి కూడా ఫైన్ వేస్తారని విన్నాను, నిజమేనా? (ఇంటర్ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్)

జ: నిజమేనమ్మా, నాకు అన్నిటికంటే కోపం తెప్పించేవి ఇవే. 2013లో చికాగో ఆటగాడు బ్రాండన్ మార్షల్ మానసిక ఆరోగ్యం గురించి అందరూ మాట్లాడాలని ఆకుపచ్చ బూట్లు వేసుకున్నాడు, తనకే ఆ సమస్య ఉందని బయటికి చెప్పినవాడు. 10,500 డాలర్లు. 2015లో పిట్స్‌బర్గ్ ఆటగాడు విలియం గే ఊదారంగు బూట్లు వేసుకున్నాడు, గృహహింసకి వ్యతిరేకంగా. అతని చిన్నతనంలో తల్లిని సవతి తండ్రే కాల్చి చంపాడు. 5,787 డాలర్లు. అదే నెలలో అదే టీమ్‌లోని క్యామ్ హేవర్డ్ కళ్ల కింద పూసుకునే నల్లరంగు పట్టీ మీద 'ఐరన్ హెడ్' అని రాసుకున్నాడు. అది క్యాన్సర్‌తో పోయిన వాళ్ల నాన్న ముద్దుపేరు, ఆయనా ఈ లీగ్‌లో ఆడినవాడే. హేవర్డ్‌కీ 5,787 పడింది. అయినా మళ్లీ రాసుకున్నాడు, మళ్లీ పడింది.

యూనిఫాం అన్నాక నియమం ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ ఎదుటివాడి ప్రాణం మీదికి తెచ్చే దెబ్బకీ, నాన్న పేరు రాసుకోవడానికీ ఒకే రకం నోటీసు పంపడం నాకు మింగుడుపడదు. 2016 నుంచి లీగే ఏడాదికి ఒకటి రెండు వారాలు కేటాయించి, ఎవరికి నచ్చిన విషయం కోసం వాళ్లు బూట్లకి రంగులు వేయించుకోవచ్చంది. ఇప్పుడు వందల మంది వేసుకుంటున్నారు. ఈసారి ఆ వారాల్లో మ్యాచ్ చూసేటప్పుడు వాళ్ల బూట్లు గమనించు, ఊదారంగు కనిపిస్తే విలియం గే గుర్తొస్తాడు.