టెక్ సందేహాలు: పెట్టె మీ ఇంట్లో, తాళంచెవి ఎవరి దగ్గర?

ఆషాఢంలో ఇల్లు మారేవాళ్లు మన దగ్గర తక్కువ. శ్రావణం వచ్చిందంటే ముహూర్తాలూ ముసురూ ఒకేసారి మొదలవుతాయి. నాకు మెయిళ్లూ అప్పుడే మొదలవుతాయి. "పాలు పొంగించాం, సామాను సర్దుకున్నాం, సిస్టం మాత్రం ఆన్ కావట్లేదు" అని. ఒక్కొక్కరికీ విడిగా రాసి రాసి విసుగొచ్చింది. ఈసారి అందరికీ కలిపి ఇక్కడే చెప్తున్నాను.

మిర్యాలగూడ నుంచి నల్గొండకు బదిలీ అయింది. ఏడేళ్ల నాటి అసెంబుల్డ్ డెస్క్‌టాప్ ఉంది. దాని అట్టపెట్టెలు ఎప్పుడో పారేశాం. సీపీయూని బొంతలో చుట్టి సామానుతో పాటు డీసీఎంలో వేయొచ్చా? హార్డ్ డిస్క్‌లో ఫొటోలు పోతాయా? — ఒక ప్రభుత్వ టీచర్

బొంతలో చుట్టండి సార్. పాత నూలు చీరలతో కుట్టిన బొంతను మించిన ప్యాకింగ్ నేను చూడలేదు. డీసీఎంలో మాత్రం వద్దు. మీకది ఏడేళ్ల ఫొటోలు, ఎక్కించే హమాలీకి ఇంకో ఇనుప డబ్బా. దాని మీద గ్రైండర్ పెట్టడని ఎవరు చెప్పగలరు? కారులో వెనక సీటు మీదో, ఆటోలో మీ పక్కనో పెట్టుకుని మీతోనే తీసుకెళ్లండి. ("సీపీయూ అంటే లోపలి చిప్పు, పెట్టెను క్యాబినెట్ అనాలి" అని నాకు పాఠం చెప్తూ రాసేవాళ్లున్నారు. ఊరంతా పెట్టెను సీపీయూ అంటుంటే నేనొక్కడినీ వేరేగా అనను.)

పెట్టెను నిలబెట్టి తీసుకెళ్లడం కన్నా పడుకోబెట్టడం మేలు. మదర్‌బోర్డు ఉన్న వైపు కిందికి రావాలి. అప్పుడు బరువైన గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ మీది కూలర్ నిటారుగా నిలబడతాయి, గుంతల్లో బండి ఎగిరినా స్లాట్ మీద పక్క బరువు పడదు. కార్డు మరీ పెద్దదైతే విప్పి, అది వచ్చిన వెండి రంగు యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టండి. కూరగాయల కవర్లో కాదు.

తిరిగే రకం హార్డ్ డిస్క్‌లో డేటాను చదివే ముల్లు (రీడింగ్ హెడ్) తిరిగే పళ్లేనికి వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో తేలుతుంటుంది. షట్‌డౌన్ అయ్యాక అది పళ్లెం మీంచి జరిగి తన చోట కూర్చుంటుంది. ఆ స్థితిలో డిస్క్ బాగానే దెబ్బ తట్టుకుంటుంది. కాబట్టి స్లీప్‌లో ఉన్న సిస్టం ప్లగ్ పీకకండి. షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే పూర్తిగా ఆగుతుంది. విండోస్‌లో మామూలు షట్‌డౌన్, ఫాస్ట్ స్టార్టప్ పుణ్యమా అని, సగం నిద్రే.

ఫొటోల సంగతి. బయలుదేరే ముందు వేరే డిస్క్‌లోకి కాపీ తీసుకుంటారు, బాగుంది. ఆ డిస్క్‌ని ఎక్కడ పెడతారు? అదే పెట్టె పక్కన, అదే బండిలో. అప్పుడది బ్యాకప్ ఎలా అవుతుంది, ఇంకో సామాను అవుతుంది. మేడమ్ గారి హ్యాండ్‌బ్యాగ్‌లో వేయండి.

తీగలు విప్పే ముందు వెనక వైపు ఫొటో తీసుకోవాలని మీకు తెలుసు. తీసిన ఫొటోని బిగించేటప్పుడు ఎవరూ చూడరు, అదీ తెలుసు. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకి తగిలించాల్సింది పోయి పైనున్న మదర్‌బోర్డు పోర్టుకి తగిలించి "డిస్‌ప్లే పోయింది" అని రాసేవాళ్లకు నా దగ్గర ఇంతకన్నా జవాబు లేదు.

మహబూబ్‌నగర్‌లోనే వేరే ఇంటికి మారాం. కొత్త ఇంట్లో మీటర్ ఆలస్యమై సిస్టం పన్నెండు రోజులు ప్లగ్ లేకుండా ఉంది. ఇప్పుడు ఆన్ చేస్తే టైం తప్పు చూపించి, నీలం తెర మీద 48 అంకెల నంబర్ అడుగుతోంది. ఇది వైరస్సా? షాపతను ఫార్మాట్ కొట్టడమే దారి అంటున్నాడు. మా అమ్మాయి పెళ్లి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. — న్యూటౌన్ నుంచి ఒక గృహిణి

ఫార్మాట్ వద్దమ్మా. ఎవరు చెప్పినా వద్దు.

వైరస్ కాదు. అది బిట్‌లాకర్, అంటే మీ డిస్క్ మొత్తానికి వేసిన తాళం. ఇల్లు మారితే తాళం ఎందుకు పడింది అంటే, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ల లాంటి బ్యాటరీ ఒకటి ఉంటుంది, దాని నంబర్ సీఆర్2032. ప్లగ్ పెట్టి ఉన్నంత కాలం, సిస్టం ఆఫ్‌లో ఉన్నా, బోర్డుకు కొంచెం కరెంటు అందుతూనే ఉంటుంది. అందుకే ఆ బ్యాటరీ ఎప్పుడు చచ్చిందో మనకు తెలియదు. పన్నెండు రోజులు ప్లగ్ పీకేసరికి బయటపడింది. గడియారం ఆగింది, బయాస్ (విండోస్ కన్నా ముందు నడిచే బోర్డు ప్రోగ్రాం) సెట్టింగులు మొదటికొచ్చాయి. కొన్ని బోర్డుల్లో అలా మొదటికొస్తే సెక్యూర్ బూటో (ఆన్ అయ్యేటప్పుడు నమ్మదగిన విండోస్‌నే ఎక్కనిచ్చే కాపలా), టీపీఎం చిప్పో (ఈ తాళంచెవిని దాచే చిప్పు) ఆఫ్ అవుతుంది. దాంతో తాళం "ఎవరో పెట్టెను కెలికారు" అనుకుని బిగుసుకుంది. దాని పని అది సరిగ్గానే చేసింది.

ముందు బ్యాటరీ మార్పించండి. వాచీల షాపులో కూడా దొరుకుతుంది. బయాస్‌లో తేదీ సరిచేసి, టీపీఎం, సెక్యూర్ బూట్ ఇదివరకు ఉన్నట్టే ఆన్ చేయించండి. కొన్నిసార్లు అంతటితోనే నంబర్ అడగకుండా తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతే ఆ 48 అంకెలు కావాలి. సిస్టంలో ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పెట్టారో దాంట్లోకి ఫోన్ నుంచి లాగిన్ అయితే మీ కంప్యూటర్ పేరు కింద రికవరీ కీ కనిపిస్తుంది. నీలం తెర మీద కీ ఐడీ ఉంటుంది, రెండూ సరిపోల్చుకోండి.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. ఏ అకౌంట్?

అసెంబుల్డ్ సిస్టం కొన్న రోజు గుర్తు తెచ్చుకోండి. షాపులో అబ్బాయి విండోస్ ఎక్కిస్తూ "మెయిల్ ఐడీ చెప్పండి" అన్నాడు. మీరో, మీవారో "ఏదో ఒకటి నువ్వే పెట్టు తమ్ముడూ" అన్నారు. అతను తన మెయిల్ పెట్టాడు. అంతకుముందు పది మందికీ అదే పెట్టాడు. విండోస్ 11 హోమ్‌ని మామూలుగా ఎక్కిస్తే అకౌంట్ లేకుండా ముందుకు కదలనివ్వదు. అకౌంట్ పెట్టగానే చాలా సిస్టంలలో డిస్క్‌కి తాళం దానంతటదే పడుతుంది. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి కొత్తగా ఎక్కించే వాటిలో ఇది ఇంకా ఎక్కువైంది. తాళం మీ ఇంటి డిస్క్‌కి. తాళంచెవి ఆ అబ్బాయి మెయిల్‌లో. అతను ఉద్యోగం మానేసి హైదరాబాద్ పోయి ఉంటే చెవీ పోయినట్టే.

నన్ను ఎక్కువ భయపెట్టేది తాళం తెరుచుకోకపోవడం కూడా కాదు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు క్లౌడ్‌లోకి కాపీ అయ్యే ఏర్పాటు కూడా ఆ అకౌంట్‌కే ముడిపడి ఉంటుంది. పాన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం స్కాన్లు, పిల్లల ఫొటోలు ముక్కూమొహం సరిగా తెలియని మనిషి అకౌంట్‌లోకి రోజూ చేరుతుండొచ్చు. ఆ అబ్బాయి మంచివాడే కావచ్చు. అతని ఫోన్ ఎవరి చేతిలో పడుతుందో అతనికీ తెలియదు. ఇంటి బీరువా చెవి షాపువాడి దగ్గర పెడతామా? పెట్టం. కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి "మాకివన్నీ తెలియవు" అంటాం. తాళం వేస్తున్నప్పుడు "చెవి ఇదిగో, కాగితం మీద రాసుకో" అని తెర నిండా చెప్పని తయారీదారులను నేను వెనకేసుకు రాను. ఇలాంటి తాళం మంచిదే. చెప్పకుండా వేయడం మంచిది కాదు.

ఇంకా ఇల్లు మారని వాళ్లు ఈ రాత్రే సెట్టింగుల్లో అకౌంట్స్ తెరిచి అక్కడున్న మెయిల్ ఎవరిదో చూడండి. మీది కాకపోతే ఫైళ్లు కాపీ తీసుకుని, డివైస్ ఎన్‌క్రిప్షన్ (ఆ తాళానికి సెట్టింగుల్లో ఉండే పేరు) ఆఫ్ చేసి, తాళం పూర్తిగా విడిపోయేదాకా ఆగి, మీ అకౌంట్‌కి మారి మళ్లీ ఆన్ చేయండి. కొత్త కీ పుడుతుంది, అది మీ అకౌంట్‌లో చేరుతుంది. దాన్ని కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. సీపీయూ మీద అంటించేవాళ్లను నా కళ్లతో చూశాను కాబట్టి ఇదీ చెప్తున్నాను: అంటించకండి.

ప్రయాణానికి ముందు బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేయమని కొందరు సలహా ఇస్తారు. సస్పెండ్ అంటే తాళం వేసి చెవిని దానికే వేలాడదీయడం. దారిలో పెట్టె పోతే అంతా పోయినట్టే. "నా సిస్టంకి పాస్‌వర్డ్ ఉంది, తాళం ఎందుకు" అనేవాళ్లకు ఒక్క మాట. విండోస్ పాస్‌వర్డ్ తలుపుకి గొళ్లెం. తాళం లేని డిస్క్‌ని విప్పి ఇంకో సిస్టంకి తగిలిస్తే ఆ తలుపుతోనే పని లేదు.

జడ్చర్లలో కొత్తగా కట్టుకున్న ఇంట్లోకి వచ్చాం. సీపీయూ ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోంది. చెప్పులేసుకుంటే తగ్గింది. ప్రయాణంలో ఎస్ఎంపీఎస్ (లోపలి పవర్ సప్లై) పాడైందా?

చెప్పులేసుకుని కంప్యూటర్ వాడటం పరిష్కారమని ఎవరు చెప్పారో గానీ, వాళ్ల మాట మళ్లీ వినకండి.

ఎస్ఎంపీఎస్ బహుశా బాగానే ఉంది. దాని లోపల కరెంటులోని అవాంతరాలను వడపోసే చిన్న కెపాసిటర్లు ఉంటాయి, వాటి రెండో కొస పెట్టె ఇనుముకు కలిసి ఉంటుంది. ఎర్తింగ్ ఉంటే ఆ కొద్ది కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే పెట్టె మీద 230లో దాదాపు సగం ఓల్టేజీ నిలబడుతుంది. అదే మీ చేతికి తగిలేది. పాత ఇంట్లో ఎర్త్ ఉంది, కొత్త ఇంట్లో లేదు. ఇది పాలమూరు జిల్లాలో కొత్త ఫిర్యాదు కాదు. కింద బండ, పైన ఎండ. ఎర్త్ కోసం ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చిన గుంత మార్చికల్లా ఎండిపోతుంది. దానికి నీళ్లు పోయాలని ఇల్లు కట్టినవాడు చెప్పడు.

చాలా ఇళ్లలో ఆ గుంత కూడా ఉండదు. ముప్పై లక్షలు పెట్టి ఇల్లు కడతారు, గుమ్మానికి టేకు చెక్క, హాల్లో ఫాల్స్ సీలింగ్, దానికి రంగు రంగుల లైట్లు. సాకెట్‌లో మూడో రంధ్రం వెనక మాత్రం తీగ ఉండదు. అడిగితే ఎలక్ట్రీషియన్ ఇంకో ఘనకార్యం చేస్తాడు. సాకెట్ వెనక న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ ముక్క తీగతో కలిపేస్తాడు. జివ్వుమనడం ఆగిపోతుంది, మీరు సంతోషిస్తారు. ఏదో ఒక రోజు న్యూట్రల్ తెగితే పూర్తి 230 ఓల్టులు పెట్టె మీదికి వస్తాయి. ఆ రోజు చెప్పులు కాపాడవు. నిజమైన ఎర్త్ గుంత వేయించండి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎలక్ట్రీషియన్‌ని మల్టీమీటర్ పెట్టి ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 దగ్గర, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు ఓల్టులు చూపించమని అడగండి. అంతదాకా ప్లగ్ పెట్టకండి. త్రీపిన్‌ను టూపిన్ చేసే ముక్క ఇంట్లో ఉంటే చెత్తలో వేయండి.

ఎలాగూ ఇల్లు మారుతున్నాం కదా, విండోస్ 10 నుంచి 11కి కూడా ఇప్పుడే మారిపోదామా? — సూర్యాపేట

మారాలి, ఎందుకంటే విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కానీ అదే వారంలో వద్దు. ఏదైనా తేడా వస్తే దారిలో కుదుపు వల్లనా, అప్‌డేట్ వల్లనా అని మీరూ తేల్చలేరు, నేనూ తేల్చలేను.

పాత ఇంట్లో వైఫై రూటర్ ఓనర్‌కే వదిలేసి వస్తున్నాం. ఏమైనా జాగ్రత్త? — దేవరకొండ

వెనక చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి పది సెకన్లు పట్టుకుని రీసెట్ చేశాకే ఇవ్వండి. కొత్త ఇంట్లో కొత్త రూటర్‌కి పాత పేరు, పాత పాస్‌వర్డ్ పెట్టకండి. అది మీ ఫోన్ నంబరే అయి ఉంటుంది, వీధిలో సగం మందికి తెలిసే ఉంటుంది.