రెండు రోజుల్లో గండికోట, శ్రీశైలం రెండూనా?

అన్నా, కడప నుంచి అమ్మానాన్నలతో కారులో రెండు రోజుల్లో గండికోట, శ్రీశైలం రెండూ కుదురుతాయా అన్నారు. కుదిరినా మీరు చూసేది రోడ్డే. పైగా దోర్నాల దాటాక నల్లమల అడవిలో రాత్రి బండ్లను వదలరు. లేటైతే గేటు దగ్గరే టెన్షన్. శ్రీశైలం ఇంకోసారికి పెట్టుకోండి.

ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా సాయంత్రానికి గండికోట చేరి, రాత్రి అక్కడే ఉండండి. పొద్దున్నే జామియా మసీదు దాటి నడిస్తే, ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకుపోయిన పెన్న కనిపిస్తుంది. ఎర్రటి బండల అంచున చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు, పెద్దవాళ్లని ఇవతలే కూర్చోబెట్టండి. తర్వాత మైలవరం డ్యామ్, బెలూం గుహలు, అవుకు రిజర్వాయర్. గుహల్లో మెట్లు, విపరీతమైన ఉక్క. మోకాళ్ల నొప్పులుంటే నేరుగా అవుకుకే పోండి.