ఆ పాపకు ఏమని చెప్పాలి?

ప్రశ్న: నాకు 29 ఏళ్ళు. రాజోలు దగ్గర పల్లె మాది. నర్సింగ్ చదివి ఒక ఆస్పత్రిలో పనిచేస్తుండగా, దేవుని పిలుపు అనుకొని కంబోడియాలోని ఒక క్రైస్తవ బాలల గృహానికి సేవకు వెళ్ళాను. పద్నాలుగు నెలలు ఉన్నాను. తిరిగి వచ్చి ఎనిమిది నెలలైంది. అక్కడ ఐదేళ్ళ పాప ఒకతె నన్ను 'బోంగ్' అని, అంటే అక్కా అని పిలుస్తూ చున్నీ వదిలేది కాదు. బయలుదేరే రోజు ఏడుస్తుంటే 'త్వరలో వచ్చేస్తాను' అన్నాను. ఇప్పుడు వీడియో కాల్ చేసినప్పుడల్లా, ఇంకా ఎన్ని రాత్రులు పడుకోవాలని అడుగుతోంది. ఆ పాపకు తల్లి ఉంది. నాంపెన్‌లో బట్టల ఫ్యాక్టరీలో పని. ఏడాదికి రెండుసార్లు వచ్చి చూసి వెళ్తుంది. ఇక్కడేమో మా సంఘంలోనూ చుట్టుపక్కల మందిరాల్లోనూ నన్ను సాక్ష్యం చెప్పమంటున్నారు. చెబుతున్నాను, వింటున్నవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు, నాకు మాత్రం అబద్ధమాడినట్టు ఉంటోంది. రాత్రి రెండు దాటితే గానీ నిద్ర రాదు. నాన్న సంబంధాలు చూస్తున్నారు. నేను మళ్ళీ వెళ్తానంటున్నాను. అమ్మ నా ఆరో ఏట కువైట్ వెళ్ళి, పదకొండేళ్ళు ఒకరింట్లో పిల్లల్ని చూసుకుంది. నన్ను అమ్మమ్మ పెంచింది. మొన్న నేను ఏడుస్తుంటే అమ్మ, 'ఎవరి పిల్ల కోసమో ఇంత ఏడుస్తున్నావు, నా కోసం ఎప్పుడైనా ఏడ్చావా' అంది. ఇప్పుడు వెళ్ళకపోతే పిలుపును కాదన్నట్టు అవుతుందా?

జవాబు: మీ ప్రశ్న కంటే ముందు ఆ పాప ప్రశ్నకు జవాబు చెప్పాలమ్మా. మీరు ఇంకో ఏడాది ఆలోచించుకోగలరు. ఆమె రాత్రులు లెక్కపెట్టుకుంటోంది.

ఐదేళ్ళ పిల్లకు 'త్వరలో' అంటే రేపో ఎల్లుండో. గల్ఫ్ వెళ్ళిన తల్లుల పిల్లలతో, ఆ పిల్లల్ని పెంచిన అమ్మమ్మలతో, నాయనమ్మలతో నేను ఏళ్ళ తరబడి మాట్లాడుతున్నాను. సఖినేటిపల్లి రేవు దగ్గర పెరిగిన ఒకతను చిన్నప్పుడు నర్సాపురం వైపు నుంచి గోదావరి దాటించే పంటు వచ్చిన ప్రతిసారీ పరుగెత్తుకెళ్ళి దిగేవాళ్ళ ముఖాలు చూసేవాడట. 'రేపు వచ్చేస్తుంది మీ అమ్మ' అని నాయనమ్మ రోజూ చెప్పేది. ఆమె ప్రేమతోనే చెప్పింది. నలభై దాటిన అతను తల్లి వెళ్ళిపోవడాన్ని ఎప్పుడో అర్థం చేసుకున్నాడు. ఆ 'రేపు'ను మాత్రం ఇప్పటికీ క్షమించలేకపోతున్నాడు.

అందుకని ఈ వారంలోనే ఆ గృహం పెద్దలతో మాట్లాడండి. పాపను రోజూ చూసుకునే ఆయా ఒళ్ళో ఆమెను కూర్చోబెట్టమని చెప్పి, మీకు వచ్చిన ఖ్మేర్ భాషలో, రానిచోట ఆ ఆయా సాయంతో, నెమ్మదిగా చెప్పండి: 'నేను అక్కడ ఉండటానికి రావడం లేదు. త్వరలో వస్తానని చెప్పాను, అలా చెప్పకూడదు, తప్పు నాదే. నువ్వేమీ తప్పు చేయలేదు. నిన్ను మరిచిపోను.' ఏడుస్తుంది. ఏడ్వనివ్వండి. ఆ ఏడుపు తీర్చడానికి ఆయా చేతులు అక్కడే ఉండాలి, అందుకే ఒళ్ళో కూర్చోబెట్టమన్నాను. తరువాత మీకు మనసు బాగాలేనప్పుడల్లా కాల్ చేయడం మానండి. పిలవడం పాపకు మంచిదేనని అక్కడివాళ్ళు అనుకుంటే, నెలకు ఒకరోజు, ఒకే వేళ, ఆమెకు తెలిసేలా పెట్టుకోండి. మంచిది కాదంటే ఉత్తరం రాయండి, చదివి వినిపిస్తారు. 'మళ్ళీ వెళ్ళినా వెళ్ళవచ్చు కదా' అని మీ మనసు అడ్డుపడుతుంది. వెళ్ళాలని నిశ్చయమై, టిక్కెట్టు చేతికి వచ్చిన రోజున చెప్పుకోవచ్చు.

మీకు అబద్ధమాడినట్టు ఎందుకు ఉంటోందో మీకు తెలుసనే అనుకుంటున్నాను. ఉత్తరం మధ్యలో 'ఆ పాపకు తల్లి ఉంది' అని ఒక్క ముక్క రాసి ముందుకు వెళ్ళిపోయారు. సాక్ష్యంలో ఆ ముక్క ఉందా? ఉండి ఉండదు. తల్లి ఉందంటే వినేవాళ్ళకు అన్ని కన్నీళ్ళు రావు.

మీరు సేవ చేసిన దేశంలో ఇది ఆ ఒక్క పాప సంగతి కాదు. 2005, 2010 మధ్య కంబోడియాలో ఇలాంటి గృహాల సంఖ్య 75 శాతం పెరిగింది. వాటిలోని పిల్లల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ 2011లో చెప్పింది. పేదరికం ఒక కారణం. గృహంలో చదువు, అన్నం దొరుకుతాయని తల్లిదండ్రులకు కలిగే ఆశ ఇంకొక కారణం. మూడో కారణం చెప్పడానికి మనసుకు కష్టంగా ఉంది: విదేశాల నుంచి మంచి మనసుతో వచ్చే సేవకులు, కానుకలు. గృహానికి డబ్బు వస్తుంటే పిల్లల కోసం వెతకడమూ మొదలవుతుంది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా అనాథాశ్రమాలలో వాలంటీరు పని వల్ల పిల్లలకు జరిగే కీడును తన తీర్మానంలో ప్రస్తావించింది. మీరున్న గృహం చెడ్డదని నేననడం లేదు. దానిని నేను చూడలేదు. కానీ ఎంత మంచి గృహంలోనైనా ఆరు నెలలకు ఒకరు, ఏడాదికి ఒకరు వచ్చి ఎత్తుకొని, ముద్దు చేసి వెళ్ళిపోతుంటే చిన్నపిల్ల మనసు ఏమవుతుందో ఆలోచించండి. మీ చున్నీ పట్టుకునే ముందు ఆమె ఎవరి చేయి పట్టుకుందో మీకు తెలుసా?

రుమేనియా రాజధాని బుఖారెస్ట్‌లో ఈ శతాబ్దం మొదట్లో ఒక పరిశోధన జరిగింది. శిశు గృహాల్లో ఉన్న 136 మంది పసివాళ్ళను తీసుకొని, సగం మందిని పెంపుడు కుటుంబాలలో పెట్టే ఏర్పాటు చేశారు. ఇళ్ళకు వెళ్ళిన పిల్లలు ఎదుగుదలలో, ముఖ్యంగా ఒక మనిషిని నమ్మి అతుక్కోవడంలో, గృహాల్లో మిగిలినవాళ్ళ కంటే ముందుకు వెళ్ళారు. రెండేళ్ళ లోపే ఇల్లు దొరికినవారికి మరీ మేలు జరిగింది. తిండి, బట్ట, మందు అన్నీ ఉన్నా పిల్లకు 'నా మనిషి' అనుకునే ఒకరు కావాలి. ఈ సంగతి మీకు ఏ పరిశోధనా చెప్పనక్కరలేదు. ఆరో ఏట నుంచి మీకు తెలుసు.

ఇది చదివి మీ సేవంతా వృథా అనుకోకండి. జ్వరం వచ్చిన పిల్లల పక్కన రాత్రులు కూర్చున్నారు. పుళ్ళు కడిగారు. ఒక నర్సు చేయవలసినదంతా చేశారు. అది ఆ పిల్లల ఒంట్లో ఉంది, ఎక్కడికీ పోదు.

పిలుపు సంగతి. మీరు బైబిలు చదివే మనిషి కనుక అందులోంచే అంటాను. నిర్గమకాండం రెండో అధ్యాయంలో ఫరో కుమార్తె నీళ్ళలో దొరికిన బిడ్డను చూసి జాలిపడింది. ఆమెకు కావలసినంత సంపద, దాసీలు ఉన్నారు, బిడ్డను అప్పుడే అంతఃపురానికి ఎత్తుకుపోవచ్చు. అయితే ఆ బిడ్డ అక్క అడిగిన ఒక్క ప్రశ్న వల్ల పసివాడు మళ్ళీ కన్నతల్లి దగ్గరికే చేరాడు, పైగా పాలిచ్చినందుకు తల్లికే జీతం ముట్టింది. సండే స్కూల్లో ఈ కథ చెప్పేటప్పుడు మనం జమ్ము పెట్టె దగ్గరే ఆగిపోతాం, జీతం మాట దాటేస్తాం. పరదేశంలో చేసే సేవ ఎలా ఉండాలని ఎవరైనా నన్ను అడిగితే ఆ జీతం మాటే చెబుతాను. యాకోబు పత్రికలో కూడా దిక్కులేని పిల్లలతోపాటు విధవరాండ్రు ఒకే వాక్యంలో ఉన్నారు. బిడ్డను ఒక చోటా తల్లిని ఇంకో చోటా ఉంచి పరామర్శించమని అక్కడ లేదు.

మన డెల్టాకూ పరదేశీయులు సేవకు వచ్చారు. 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరిన విలియం బౌడెన్, జార్జ్ బీర్, వారి భార్యలు నర్సాపురం ప్రాంతానికి చేరి, తెలుగు నేర్చుకొని, ఏళ్ళ తరబడి ఇక్కడే ఉండిపోయారు. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట కూడా లేదు, అది 1852లో పూర్తయింది. ఆ శతాబ్దంలోనే మిషనరీ కుటుంబాల ద్వారా లేసు అల్లిక ఇక్కడి ఆడవాళ్ళ చేతికి వచ్చింది. మీ అమ్మమ్మ తరం వాళ్ళు అరుగు మీద కూర్చొని, బిడ్డను కాలి మీద ఊపుతూ దారపు ఉండ విప్పడం మీరు చూసే ఉంటారు. దళారుల చేతిలో పడి ఆ కూలి ఎప్పుడూ గిట్టుబాటు కాలేదు, అది చిన్న అన్యాయం కాదు. అయినా తల్లి ఇల్లు కదలకుండా నాలుగు డబ్బులు చూసే పని అది. ఇక్కడ అలాంటి పనులు చాలలేదు కనుకనే మీ అమ్మ కువైట్ వెళ్ళింది, అక్కడ చాలలేదు కనుకనే ఆ పాప తల్లి నాంపెన్ వెళ్ళింది.

కాబట్టి వెళ్ళాలా వద్దా అంటే, ఇప్పుడున్న స్థితిలో, ఆ గృహానికే, ఆ పాప కోసమే అయితే వెళ్ళవద్దనే చెబుతాను. మీరు వెళ్తే ఆమెకు ఇంకో ఏడాది అక్క దొరుకుతుంది, మళ్ళీ పోతుంది. దానికి బదులు గృహం పెద్దలను అడగండి: తల్లి ఏడాదికి రెండుసార్లే ఎందుకు రాగలుగుతోంది? బస్సు ఛార్జీలా, సెలవా? పాపను ఇంటికి చేర్చడానికి ఏదైనా ఆలోచన ఉందా, అమ్మమ్మో పిన్నమ్మో దగ్గర్లో ఉన్నారా? మీ సంఘం పంపే కానుక, వాళ్ళు ఒప్పుకుంటే, ఆ ప్రయాణాలకు వెళ్ళనివ్వండి. రెండు మూడేళ్ళ తరువాత కూడా ఆ దేశం మీ మనసులో ఉంటే, ఖ్మేర్ బాగా నేర్చుకొని, కుటుంబాలు విడిపోకుండా చూసే పనిలోకి, అక్కడి నర్సులకు తోడుగా, ఎక్కువ కాలం ఉండేలా వెళ్ళండి. పిలుపు నిజమైతే అన్నాళ్ళు ఆగుతుంది. 'మన ఊళ్ళో లేరా పిల్లలు, అంత దూరం ఎందుకు' అనేవాళ్ళు మీకు చాలామంది తగిలి ఉంటారు. ఆ మాట అనేవాళ్ళలో ఊళ్ళో పిల్లల్ని చూసేవాళ్ళు తక్కువ, పట్టించుకోకండి.

సాక్ష్యాలు మూడు నెలలు ఆపండి. పాస్టరు గారితో ఉన్నదున్నట్టు చెప్పండి. మళ్ళీ చెప్పేటప్పుడు పిల్లల ఫోటోలు తెర మీద వేయవద్దు, వాళ్ళ కష్టాలు వాళ్ళ అనుమతి లేకుండా మన కూటాలలో వినిపించవద్దు. ఆ తల్లి సంగతి చెప్పండి. ఆమె పంపే డబ్బు, ఆమె ఎక్కే బస్సు గురించి చెప్పండి. మీ మందిరంలో కువైట్, మస్కట్ వెళ్ళివచ్చిన ఆడవాళ్ళు వెనక చాపల మీద కూర్చొని వింటారు.

ఎనిమిది నెలలుగా నిద్ర లేకపోవడం ప్రార్థనతో మాత్రమే సరిపెట్టుకోవలసిన విషయం కాదు, నర్సుగా మీకే తెలుసు. మానసిక వైద్యులను కలవండి. వెంటనే కుదరకపోతే ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. నాన్నగారిని సంబంధాల విషయంలో ఆరు నెలలు ఆగమనండి. నిద్ర పట్టని మనిషి పెళ్ళికి అవుననీ కాదనీ చెప్పకూడదు.

ఇక అమ్మ. ఆమె మాట మీకు దెబ్బలా తగిలింది. నాకు మాత్రం అందులో కోపం కంటే ఆశ ఎక్కువ వినిపించింది. 'నా కోసం ఏడ్చావా' అని అడగడానికి ఆమెకు ఇన్నేళ్ళు పట్టింది. ఏడ్చారు కదా మీరు? అమ్మమ్మ చూడకుండా ఏడ్చి ఉంటారు. అది ఆమెకు ఎవరూ చెప్పలేదు. శుక్రవారం పక్కింటికి ఫోను వస్తే 'బాగున్నాను' అనే చెప్పించి ఉంటారు మీ చేత.

ఇంకొకటి మీకు తట్టి ఉండకపోవచ్చు. పదకొండేళ్ళు ఒకరింట్లో పిల్లల్ని చూసుకుందని రాశారు. ఒళ్ళో పడుకోబెట్టుకొని, అన్నం తినిపించి పెంచిన ఆ పిల్లల్ని ఒకరోజు వదిలేసి ఆమె విమానం ఎక్కింది. వాళ్ళు ఆమెను ఏమని పిలిచేవారో, ఆ రోజు గుమ్మం దగ్గర ఎవరు ఏడ్చారో, తిరిగి వచ్చాక ఆమె ఎన్ని రాత్రులు మేలుకుందో మీ ఇంట్లో ఎవరైనా అడిగారా? ఇంటికి వచ్చిన తల్లి అక్కడి పిల్లల కోసం బెంగపడితే ఊరు ఏమంటుందో ఆమెకు తెలుసు, అందుకే నోరు మెదిపి ఉండదు.

ఈ రాత్రి నిద్ర రాకపోతే ఫోను పక్కన పెట్టి వెళ్ళి అమ్మ మంచం మీద కూర్చోండి. ముందు మీరు ఆరో ఏట ఏడ్చిన సంగతి చెప్పండి. తరువాత ఆ కువైట్ పిల్లల పేర్లు అడగండి.